పులుపుకు అలవాటు పడ్డవి

ఎండాకాలం పక్కింట్లో మజ్జిగ చిలికితే ఆ పుల్లటి వాసనకు అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం డాక్టర్ సుభద్రమ్మగారు గుర్తొస్తారు. మైసూరు రాష్ట్రమని రాసుకునే ఆ రోజుల్లో బాగేపల్లి ఆస్పత్రికి ఆమె డాక్టరు, నేను కొత్త హెల్త్ ఇన్‌స్పెక్టరును. తాలూకా ఆరోగ్యమంతా నా భుజాల మీదే ఉందని నమ్మేవాణ్ణి. ఆమె నా భుజానికి మందుల పెట్టె తగిలించి ఆ నమ్మకాన్ని నిలబెట్టారు.

ఒక వేసవిలో చాకవేలు దగ్గరి పెళ్లింటి నుంచి కబురొచ్చింది. సగం ఇంటికి వాంతులు, విరేచనాలు. మేము వెళ్లేసరికి రోగం కంటే తగాదా ముదిరి ఉంది. కొత్తకోడలు మాత్రం కులాసాగా ఉంది, అదే ఆమె నేరం. అత్తగారు నారాయణమ్మ అప్పటికే బండి కట్టించింది.

“ఈ పిల్ల కాలు పెట్టింది, ఇల్లంతా పడకేసింది. పుట్టింటికి పంపిస్తాండాము డాక్టరమ్మా.”

సుభద్రమ్మగారు ఆ కాలి వంక చూడనైనా లేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్లి మజ్జిగ కడవ మీద మూత తీసి చూసి వచ్చారు. “మజ్జిగ తాగినోళ్లెవరప్పా?” అన్నారు. మంచాల మీద చేతులన్నీ లేచాయి. చెయ్యెత్తే ఓపిక లేనివాడు కాలెత్తాడు. కొత్తచోట అడగడానికి సిగ్గుపడి కోడలు తాగలేదట. అది ముందురోజు మజ్జిగ. పులవకముందు నుంచే, చాలనప్పుడల్లా కుంటనీళ్లు కలిపారు.

“అంత పుల్లగా ఉండాది, దాంట్లో క్రిములు యాడ బతుకుతాయమ్మా?” అంది నారాయణమ్మ.

“ఒక్కసారిగా పులుపులో పడేస్తే చానామటుకు చస్తాయి. మెల్లగా పులిస్తే కొన్ని తట్టుకోడం నేర్చుకుంటాయి. ఇంక కడుపులోని పులుపుకూ బెదరవు. పేగుల్లోకి దిగి కాపురం పెడతాయి. అత్త దినామూ కొంచెం కొంచెం తిడితే కోడలికి అలవాటు కాదా? అట్లే.”

మంచం మీద మామగారు మూలుగు ఆపి నవ్వారు. “డాక్టరమ్మ మనింట్లో కాపురం చేసినట్టే చెప్తాండాది!”

నారాయణమ్మ ఆయన్ను కాల్చేలా చూసి, గుమ్మంవైపు తిరిగి అరిచింది. “ఎద్దుల్ని విప్పరా! ఎంతసేపు కట్టి పెడతావు?” కట్టమన్నది తాను కాదన్నట్టు.

ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. కాచిన నీళ్లలో ఉప్పూ చక్కెరా కలిపి తాగించే పని కోడలు తీసుకుంది. మేము బయల్దేరే వేళకు నారాయణమ్మ చెంబు పట్టుకొని ఆమె ఎదుట నిలబడి ఉంది. “ఇవి తాగొచ్చునా అమ్మా?”

కోడలు నీళ్లు చూసి, “ఇంకా కాగల్ల అత్తా, ఉండు” అంది. అత్త ఉండింది.

తప్పెవరిదని ఊరంతా అరుస్తున్న చోటికి ఇప్పటికీ నన్ను పిలుస్తుంటారు. నేను ఎవరి మొహమూ చూడను. తిన్నగా వంటింట్లోకి వెళ్లి కడవ మీద మూత తీస్తాను.