రేడియేటర్ నీళ్ల మీద తెట్టు

పదహారో ఏట మొదలుపెట్టిన రోజువారీ రాత నేటికీ ఆపలేదు. బడిపిల్లలు వాడే గీతల పుస్తకాలే నా డైరీలు. అన్నీ ఒక ఇనప్పెట్టెలో వరుస తప్పకుండా ఉన్నాయి. అన్నింటిలో కలిపి నేను తెలిసి రాసిన అబద్ధం ఒక్కటే ఉంది. అది ఒక మోటారు గురించి. ముందు రెండు రోజుల పేజీలు కూడా కలిపి చదివితే ఎవరైనా పట్టుకోగలరు. ఇన్నేళ్లలో ఎవరూ చదవలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

అవి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. పెట్రోలు కూపన్ల మీద దొరికేది. బస్సులు వెనక బొగ్గు పొయ్యి తగిలించుకొని పొగలు కక్కుతూ తిరిగేవి. సిద్దిపేటలో కరీంనగర్ పోయే రోడ్డు మీద మోటార్లు బాగుచేసే రేకుల షెడ్డు నాకొకటి ఉండేది. చుట్టుపక్కల కార్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఒకటి తొగుట దిక్కు ఒక ఊరి దొరది. నా షెడ్డు ఉన్న జాగ కూడా ఆ దొరదే. ఈ మాట ముందే చెప్పడం మంచిది. చివర చెబితే సాకు అవుతుంది.

ఆ కారు నడిపే డ్రైవరు నాకంటే పదేళ్లు పెద్ద. పట్నంలో బస్సు మీద పని నేర్చుకొని వచ్చినవాడు. దొర ఉండే పెద్ద బంగళాను గడి అనేవాళ్లం; అందులో కారు కొట్టం పక్కన ఒక అర్ర, చిన్న గది, ఇచ్చారు, అందులోనే ఉండేవాడు. ఆయన పనితీరులో నేను మరిచిపోలేనిది ఒకటుంది. రేడియేటర్లో నీళ్లు పోసేటప్పుడు ధోవతి బట్టను రెండు మడతలు వేసి, మూతి మీద పరిచి, వడగట్టి పోసేవాడు. బావి నీళ్లు కంటికి ఎంత తేటగా ఉన్నా సరే, ఎనిమిదేళ్లలో ఒక్కనాడూ తప్పలేదు. నేను నవ్వితే, "మనం తాగే నీళ్లల్ల చెత్త వడితె ఉమ్మేస్తం తమ్మీ. బండి ఉమ్మెయ్యదు, మింగుతది" అనేవాడు.

ఒకనాడు పొద్దు వాలే వేళ ఆ కారును ఎడ్ల జత గుంజుకొని నా షెడ్డు ముందుకు తెచ్చింది. స్టీరింగ్ మీద డ్రైవరన్న. ముందు ఎడ్లను తోలుతూ దొర జీతగాడు. చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్లు లేచి వచ్చారు.

"మోటరుకు ఎడ్లు గట్టిన్రు. ఇగ రేపు ఎడ్లకు పెట్రోల్ పోస్తరు కావచ్చు!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డ్రైవరన్న నవ్వలేదు. జీతగాడు తల వంచుకొని ఎడ్ల పలుపులు విప్పసాగాడు.

"ఏందన్నా, గుంజుకొచ్చినవ్? ఇంజన్ లేస్తలేదా?"

"లేస్తది. నాకే తోల బుద్ధి కాలే. మూత తీసి చూడు."

రేడియేటర్ మూత తీశాను. నీళ్ల మీద నూనె తేలుతోంది. గరిటెతో ఎత్తిపోయవచ్చు, అంత మందాన తెట్టు కట్టి ఉంది.

మోటారు పని తెలిసినవాడికి ఆ చూపు ఎట్లా ఉంటుందో చెప్పాలి. ఇంజనులో నూనె దారి వేరు, నీటి దారి వేరు. రెండూ పక్కపక్కనే పారుతాయి గానీ కలవకూడదు. కలిశాయంటే నడుమ ఉన్న గోడ ఎక్కడో తెగిందన్నమాట. ఇంజను తలకు, మొండేనికి మధ్య రాగిరేకు ప్యాకింగ్ ఒకటి ఉంటుంది. అది కాలితే కొంత నయం. పోత ఇనుమే పగిలితే, ఆ యుద్ధకాలంలో కారును కొట్టంలో పెట్టి తాళం వేసుకోవడమే.

డ్రైవరన్న జరిగింది చెప్పాడు. చింతమడకలో చెల్లె ఇంటికి రెండు రోజులు పోయాడు. తిరిగి వచ్చిన తెల్లారి అలవాటు ప్రకారం మూత తీస్తే ఇది కనిపించింది. దాచకుండా తానే పోయి దొరకు చెప్పాడు. గడి ముందర ఊరి పెద్దలు కూర్చొని ఉన్నారు. వాళ్లందరి ముందే దొర, "ఎనిమిదేండ్లు తిండి వెడితె బండినే మింగినవ్ గదరా" అన్నాడట. మూడు రోజులు గడువిచ్చాడట. ఇంజను చెడిందని మిస్త్రీగా నేను తేలిస్తే అర్ర ఖాళీ చేసి పోవాలి.

"అర్ర పోతె పాయె తమ్మీ. దొర బండి చెడగొట్టినోడని పేరువడితె ఇగ నా చేతికి స్టీరింగ్ ఎవడిస్తడు? నాకు ఇంకో పని రాదు."

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. చూసినది చూసినట్టు డైరీలో ఉంది. నూనె చూసే పుల్ల తీశాను. ఇంజను నూనెలో నీళ్లు కలిస్తే అది మజ్జిగలా తెల్లబడుతుంది. ఇది నల్లగా, శుభ్రంగా ఉంది. అంతటితో ధైర్యం చెప్పలేదు. నూనె నీళ్లలోకి పోయి, నీళ్లు నూనెలోకి రాకపోవడం కూడా జరుగుతుంది. ఆరు ప్లగ్గులూ విప్పి చూశాను. ఒక్కదానికీ తడి లేదు, తుప్పు లేదు. ఇంజను నడిపించి రేడియేటర్లోకి తొంగి చూశాను. ప్యాకింగ్ కాలితే నీళ్లలో బుడగలు వస్తాయి. రాలేదు.

మర్నాడు ఆ నీళ్లన్నీ దించాం. పైన తేలినదాన్ని ఒక సీసాలోకి తీసి పక్కన పెట్టాను. చాకలివాళ్ల దగ్గర సౌడు మట్టి తెచ్చి వేడినీళ్లలో కలిపి, దానితో ఒకసారి, కుంకుడు రసంతో ఇంకొకసారి రేడియేటర్ కడిగాం. నురుగు పొంగి కిందికి కారింది.

"దీనికి తలంటు పోసినట్టే ఉన్నది. ఇగ సాంబ్రాణి పొగొక్కటే తక్కువ" అన్నాడు డ్రైవరన్న. వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

నూనె పుల్ల మీద ఆకురాయితో గీత గీసి మట్టం గుర్తు పెట్టాను. మంచినీళ్లు నింపి, డ్రైవరన్న ధోవతి బట్టతో వడగట్టించే, దుద్దెడ దాకా పోయి వచ్చాం. ఇంజను నుంచే వస్తున్నదైతే నూనె మళ్లీ తేలాలి, పుల్ల మీద మట్టం తగ్గాలి. మట్టం గీత మీదే ఉంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

అంటే నూనె లోపలి నుంచి రాలేదు. పైనుంచి వచ్చింది.

సీసా తీసి ఎండకు పట్టాను. పసుపు రంగు. ఇంజను నూనె అంత పసుప్పచ్చగా ఉండదు. ఒక ప్రమిదలో రెండు చుక్కలు వేసి, వత్తి పెట్టి అంటించాను. ఇంజను నూనె అయితే చిటపటలాడి నల్లని పొగ చిమ్ముతుంది. ఇది దేవుడి ముందు దీపంలా నిదానంగా వెలిగింది. వాసన ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. నువ్వుల నూనె.

డ్రైవరన్న ఆ ప్రమిద ముందు గొంతుక్కూర్చొని చాలాసేపు చూశాడు. తరువాత అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. నేను డైరీలో, "ఇంజను భేషుగ్గా ఉంది. ఎవరో నువ్వుల నూనె పోశారు. డ్రైవరు తప్పు లేదు" అని రాసి కింద గీత కూడా గీశాను.

మూడో రోజు పొద్దున కారును ఇంజను మీదే నడిపించుకొని గడికి పోయాం. నా పనిముట్ల పెట్టె వెంట ఉంది. దొర అరుగు మీద ఒక్కడే ఉన్నాడు. డ్రైవరన్నను కారు దగ్గరే ఉండమని నేను పైకి పోయి, చేసిన పరీక్షలన్నీ వరుసగా చెప్పాను. దొర చుట్ట కాలుస్తూ విన్నాడు.

"ఎవరో తెలియక పోసిన్రు దొరా. బండికేం కాలేదు. రబ్బరు గొట్టాలు జర ఉబ్బినయి, గంతే."

"ఎవరో ఏందిరా, నేనే పోయించిన" అన్నాడు దొర.

డ్రైవరు లేని రోజు తానే కారు తీశాడట. నీళ్లు చూసుకోలేదు. దారిలో ఆవిరి లేచి, ఇంజను కుతకుతలాడింది. ఎట్లాగో ఇల్లు చేరాక జీతగాణ్ణి పిలిచి, ఎండకు సొమ్మసిల్లిన ఎద్దుకు చేసినట్టే చెయ్యమన్నాడు. మా దిక్కున అట్లాంటి ఎద్దు నోరు తెరిపించి వెదురు గొట్టంతో నువ్వుల నూనె తాగబోస్తారు. ఆ గొట్టంతోనే రేడియేటర్ మూతిలో నీళ్లు పోయించి, మీద నూనె పోయించాడు.

"సలువ చేస్తదనుకున్న. అయితే ఏంది?"

ఏమీ లేదు దొరా అన్నాను. ఏమీ లేదు కాబట్టి డ్రైవరును ఉంచుకోవచ్చు గదా అని కూడా అన్నాను. అంతవరకు నా నోరు పలికింది.

"ఊరి పెద్దల ముంగట వాడే చెడగొట్టిండని అంటి. ఇప్పుడేమనాలె? దొర మోటరుకు గొట్టం వెట్టిండని నవ్వాల్నా అందరు?" అని, చుట్ట పక్కన పెట్టి నా వైపు చూశాడు. "నీ షెడ్డు ఎవరి జాగల ఉన్నదిరా మిస్త్రీ?"

జవాబు ఇద్దరికీ తెలుసు.

"ఇంజన్ ఇప్పు. ఈడనే ఇప్పు. అందరొచ్చి చూస్తరు."

గంటలో గడి ముందు జనం చేరారు. పానా పట్టుకొని బోల్టులు ఒక్కొక్కటే విప్పాను. ఇంజను తల లేపి చూస్తే ప్యాకింగ్ తోమిన రాగి చెంబులా ఉంది. ఎక్కడా మచ్చ లేదు. నా పనిముట్ల పెట్టెలో వేరే బండిది, కాలిపోయిన పాత ప్యాకింగ్ ఒకటి ఉంది. రాగిరేకు కత్తిరించి వాషర్లు చేసుకుందామని దాచినది. మంచిదాని మీద గుడ్డ కప్పి, ఆ కాలినదాన్ని తీసి జనానికి చూపించాను.

"ఇగో, ఇది కాలింది. ఇంజన్ వేడైనా చూసుకోకుండ తోలితె గిట్లనే అయితది."

ఆ మాటలు ఎవరూ నాకు నేర్పలేదు. నేనే అన్నాను.

"అబ్బో, గంత బొక్కవడ్డదా!" అన్నాడొక ముసలాయన. "చూసిన్రా, నేను చెప్పలే?" అన్నాడు దొర. జీతగాడు జనం వెనక నిలబడి నేల చూస్తున్నాడు.

డ్రైవరన్న మాత్రం నా చేతిలోని రేకును చూస్తున్నాడు. ఆయన బొటనవేలు మిగతా వేళ్ల మీద కదిలింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్కడ ఆగింది. ఆ ప్యాకింగ్ నాలుగు సిలిండర్ల బండిది, సిలిండరుకొక తూటు. దొర కారుకు ఆరు. అంతమందిలో లెక్కపెట్టినవాడు ఆయనొక్కడే.

ఆ లెక్క అందరి ముందూ చెబుతాడనుకున్నాను. ఆయన అర్రలోకి పోయి, చాపా మూటా తెచ్చుకొని, కారు తాళం అరుగు మెట్టు మీద పెట్టాడు. పోతూ, ఇంజను మీద వంగి ఉన్న నా పక్కన ఆగాడు.

"నాలుగు తూట్లే ఉన్నయి తమ్మీ" అన్నాడు మెల్లగా.

"అన్నా, ఏం జెయ్యాలె నేను..."

"బిగించేటప్పుడు నడిమి బోల్టుల నుంచి బయటికి బిగించు. ఒక్క దిక్కు నుంచి బిగిస్తె నిజంగనే కారుతది."

ఆయన చెప్పినట్టే బిగించాను. ఆ మంచి ప్యాకింగునే మళ్లీ వేశాను. ఇంటికి వచ్చి డైరీలో, "దొర కారు. హెడ్ ప్యాకింగ్ కాలింది. మార్చాను" అని రాశాను. గీసిన గీత వెనక పేజీలో అట్లాగే ఉంది. కొట్టివేయడానికి చెయ్యి రాలేదు. నిజం రాయడానికీ రాలేదు.

ఆ తరువాత నాకు పనికి కొదువ లేదు. చూపుతోనే రోగం చెప్పే మిస్త్రీ అని దొర నలుగురిలో పొగిడాడు. ఆ పొగడ్త విని దూరపు ఊళ్ల నుంచి కూడా బండ్లు వచ్చేవి. డ్రైవరన్నకు మాత్రం ఎవరూ స్టీరింగ్ ఇవ్వలేదు. బస్సు యజమానులు నా దగ్గరికే వచ్చి అడిగేవారు, నిజంగా ఆయనే చెడగొట్టాడా అని. అడిగిన ప్రతిసారీ ఒక అవకాశం వచ్చినట్టే. నేను ప్రతిసారీ చేతులు తుడుచుకుంటూ, ఏమో, అయిపోయిన ముచ్చట ఎందుకు అనేవాణ్ణి.

ఆ దశాబ్దం ముగిసేలోపే దొర గడికి తాళం వేసి పట్నం వెళ్లిపోయాడు. షెడ్డు జాగ నన్నడిగేవాడు లేడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. డ్రైవరన్న చింతమడకలో చెల్లె ఇంట్లో ఉండి, కిరాయికి ఎడ్లబండి తోలుతున్నాడని తెలిసి వెతుక్కుంటూ పోయాను. ఊరి బయట బావి దగ్గర దొరికాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి, "మంచిగున్నవా తమ్మీ" అన్నాడు.

"అన్నా, అందరికీ చెప్తా. ఆనాడు బండికేం కాలేదని, దొరే నూనె పోయించిండని చెప్తా. సిద్దిపేటల బస్సు వాళ్లు నా మాట ఇంటరు."

ఆయన బొక్కెన పైకి చేదుతూనే విన్నాడు.

"దొర పోయినంక చెప్తవా తమ్మీ? దొర ఉన్ననాడు చెప్పాలె."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నేను ఏదో ఒకటి జవాబు చెప్పుకొనేవాణ్ణి. ఆయన భుజం మీది తువాలు తీశాడు. రెండు మడతలు వేసి తొట్టి మీద పరిచి, ఎడ్లకు తాగడానికి ఆ నీళ్లు వడగట్టి పోయసాగాడు.