విల్లా ఫోటో, నా ఓటు

ఊళ్లో నాకు ఓటుందని దుబాయ్ సోనాపూర్‌లో మా లేబర్ క్యాంపు గదిలో ఎనిమిది మందికీ తెలుసు. తెలియక చస్తారా, నెల రోజులు అదే పాట పాడాను మరి. 2023 చివర్లో అసెంబ్లీ ఎన్నికలు. ముఖ్యమంత్రి ఎవరవుతారోనని గదిలో రోజూ గొడవే. మా నియోజకవర్గంలో మూడు పార్టీలు, వాటికి తోడు ఇద్దరు స్వతంత్రులు.

జగిత్యాల వైపు మా ఊళ్లలో ఎన్నికలొస్తే ముందు దుబాయ్‌కి ఫోన్లొస్తాయి. ఇంట్లో ఓట్లు ఎటు పడాలో ఇక్కడున్న మగవాడే చెబుతాడని పార్టీలవాళ్ల నమ్మకం. ఏళ్ల తరబడి పలకరించనివాళ్లు కూడా "మోకాలు నొప్పి తగ్గిందా?" అని అడిగారు. నా మోకాలు సంగతి వాళ్లకెవరు చెప్పారో! ఓటు కోసమేనని తెలుసు. అయినా బాగుండేది. డ్యూటీ నుంచి వచ్చి, స్నానానికి బకెట్ పట్టుకుని లైన్లో నిలబడి ఆ ఫోన్లు ఎత్తేవాణ్ణి. ఏ పార్టీకీ మాట ఇవ్వలేదు. ఇస్తే మళ్లీ చేయరు కదా.

ఈసారి మాత్రం నేనే పోయి ఓటెయ్యాలనుకున్నాను. పదకొండేళ్లలో రెండుసార్లే ఇంటికి పోయాను, ఆ రెండుసార్లూ ఎన్నికలు లేవు. నేను ఆ ఊరివాణ్ణేనని చెప్పుకోవడానికి ఓటర్ల జాబితాలో ఆ పేరొక్కటే మిగిలిందని నాకు గట్టిగా అనిపించేది. అదీ పోతే నేనిక ఎక్కడివాణ్ణీ కాను.

సెలవడిగితే మా మలయాళీ ఫోర్‌మన్, ఓటున్నవాడెవడైనా సరే, ఒక్కణ్ణే వదులుతానన్నాడు. అడిగింది ఇద్దరం, నేనూ, నా కింది మంచం మీద పడుకునే మా జిల్లా అతనూ. నేను పాతవాణ్ణి కాబట్టి సెలవు నాకే ఇచ్చాడు. ఆ రోజు గదిలో అందరికీ టీ తెప్పించాను.

రెండు రోజులకు ఫోనొచ్చింది. చేసింది వరసకు బావ, ఒక పార్టీకి బూత్ ఏజెంటు.

"బావా, లిస్టు ముంగట వెట్టుకున్న. మీ ఇంటి నంబర్ల ఒక్కటే ఓటున్నది, చెల్లెది. నీది తీసేసిన్రు."

"ఎవడు తీసిండు?"

"ఏమో మరి. నువ్వు ఆడనే సెటిలయినవని రాసుకున్నరట. ఇప్పుడు ఎక్కిద్దామన్నా గడువు దాటింది. సరే గని, చెల్లెకు జెర మా గుర్తు చెప్పు బావా."

ఒళ్లు మండింది. ఆ కోపంతోనే మా ఆవిడకు ఫోన్ చేసి, నా గురించి ఎవరైనా అడిగిపోయారా అన్నాను.

"ఎండకాలంల అంగన్‌వాడీ టీచర్ ఓట్ల లిస్టు వట్టుకొని వచ్చింది. మీ ఆయన ఏడున్నడంటే దుబాయ్‌ల పెద్దిల్లున్నది, ఆడనే ఉంటడని చెప్పిన. ఫోటో గూడ చూపిచ్చిన" అంది, ఓటు పోయిన సంగతి తెలియక.

ఏ ఫోటోనో అడగక్కర్లేదు.

వచ్చిన కొత్తలో ఒక విల్లాకు రంగులేశాం. పనయ్యాక, ఇంత పెద్ద సోఫా పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాను. అప్పట్లో మా ఆవిడ, ఎక్కడ పడుకుంటున్నావో ఏమోనని రోజూ ఏడ్చేది. కంపెనీ నాకిచ్చిన ఇల్లు ఇదేనని ఆ ఫోటో పంపాను. ఏడుపు ఆగింది. తర్వాత నిజం చెప్పాలంటే సిగ్గేసింది. ఇక్కడ వాట్సాప్‌లో వీడియో కాల్ రాదు, అదీ నాకు కలిసొచ్చింది.

"నా ఓటు తీసేసిన్రు" అని చెప్పాను.

"అయ్యో, నా నోటితోనే తీపిచ్చిన్నా?" అని ఏడవడం మొదలుపెట్టింది. నువ్వు కాదని ఎంత చెప్పినా వినదు. తప్పు చేసింది నేనైతే నెత్తిన వేసుకుంటున్నది ఆమె. తట్టుకోలేక ఫోన్ పెట్టేసి, నా మంచం ఫోటో తీసి పంపాను. రెండంతస్తుల ఇనుప మంచం, మీదిది నాది. పాత దుప్పటితో కట్టుకున్న పరదా, కాళ్ల దగ్గర సూట్‌కేసు. అన్నీ పడ్డాయి అందులో. కింద "నేనుండేది ఈడ. మొదటి నుంచి ఈడనే" అని రాశాను.

చూసినట్టు నీలం గీతలు పడ్డాయి.

మర్నాడు ఫోర్‌మన్ దగ్గరికి పోయి నాకు ఓటు లేదని చెప్పేశాను. సెలవు కింది మంచం అతనికి పోయింది. నా వంతు మళ్లీ వచ్చే ఎండాకాలమేనన్నాడు. ఊరి నుంచి ఫోన్లూ తగ్గిపోయాయి. చేసిన ఒకరిద్దరూ మా ఆవిడ నంబరడిగారు. ఆమె మాత్రం చేయలేదు, నేను చేస్తే ఎత్తలేదు. అన్నేళ్లలో అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను.

పోలింగ్ రోజు కింది మంచం అతను సిరా గుర్తున్న వేలు ఫోటో పంపాడు. బాగుందని రాసి, గోడకు రెండో కోటు రంగు వేశాను. సాయంత్రం బకెట్ పట్టుకుని లైన్లో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఓటేసినవా?" అన్నాను.

"ఏసిన."

ఎవరికని నేనడగలేదు. ఆమె మెల్లగా అడిగింది.

"గా మంచం మీద కాళ్లు సాపుకోవస్తదా?"

వస్తదని నోటిదాకా వచ్చింది. "రాదు. పెట్టె అడ్డముంటది" అన్నాను.

అటు నుంచి ఏడుపు వినిపించింది. వెనక ఉన్నవాడు ముందుకు జరగమంటున్నాడు. జరగలేక, బకెట్ పట్టుకుని అక్కడే నిలబడి నేనూ ఏడ్చాను.