జీడి చుక్క

మొన్న మా అమ్మాయి చేరబోయే కాలేజీ నుంచి ఫోనుకు సందేశం వచ్చింది. హాస్టల్లో చేరేవాళ్ళు టీకాలు వేయించుకున్నట్టు రుజువు తేవాలట. నేను కంగారుగా బీరువా తెరవబోతుంటే అది నవ్వి, ఫోనులో ఏదో నొక్కి, తన పేరుతో ఉన్న పత్రాన్ని నా ముఖం ముందు పెట్టింది. చేతిలో కాఫీ చల్లారకముందే పని అయిపోయింది. నేను మాత్రం బీరువా తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అలాంటి రుజువు కోసమే ఒకప్పుడు మా మేనత్త కూతురు ఎంత అవస్థ పడిందో మా బంధువుల్లో ఎవరికీ తెలియదు. వాళ్ళకు తెలిసింది ఒక తప్పుడు కథ. దాన్ని ఇన్నేళ్ళూ వాళ్ళతో కలిసి నవ్వుతూ విన్నవాణ్ణి నేను.

అవి తొంభైల చివరి రోజులు. అత్త పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. మావయ్య పోయాక సంతబొమ్మాళి వైపు సముద్రపు పల్లె వదిలి, కూతుర్ని వెంటబెట్టుకుని మా పక్క వాటాలోకి వచ్చేసింది. ఆ ఇంట్లో ఎప్పుడూ కాలిన జీడి తొక్కల వాసన, దాని మీద చేతులకు జీడి అంటకుండా రాసుకునే ఆముదం వాసన. మరదలు కాలేజీ నుంచి వచ్చి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, జీడిపప్పు మీద పొట్టు తీస్తూ చదివేది. నేను పక్కన కూర్చుని చదువు చెబుతున్నట్టు నటిస్తూ పప్పు తినేవాణ్ణి. ‘బావ సెప్పిన పాఠం కంటే తిన్న పప్పే ఎక్కువ’ అని అత్తకు ఫిర్యాదు చేసేది. ఆ సాయంకాలాలు అంత తొందరగా అయిపోతాయని అప్పుడు తెలిస్తే, పప్పు కాస్త తక్కువ తిని ఆమెనే ఇంకాస్త చూసేవాణ్ణి.

ఆమెకు టెక్కలిలో ఒక నర్సింగ్ స్కూల్లో సీటు వచ్చింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఆ మాట ప్రకటించి ప్రార్థన చేశారు. అత్త కొబ్బరి గెల ఒకటి మోసుకొచ్చి కృతజ్ఞతార్పణగా బల్ల ముందు పెట్టి ఏడ్చింది. జీడి మసి అంటని చేతులు తన ఇంట్లో ఒక జత ఉండాలన్నది ఆమె కోరిక. చేరేరోజు తేవలసినవాటిలో టీకా రుజువు కూడా ఉందని తెలిసింది. చిన్నప్పటి కార్డు పల్లెలో తుపానుకు ఇంటి కప్పుతో పాటే ఎగిరిపోయింది. టీకా వేయించానని అత్త ప్రమాణం చేస్తుంది గానీ, పిల్ల భుజం మీద మచ్చ కూడా మిగల్లేదు.

నేను డిగ్రీ చదువుతున్నాను. మా పేటలో అది లాయరు చదువుతో సమానం. ఆసుపత్రికి వెళ్ళి అడుగుదామని మరదలు అంటే, అక్కర్లేదన్నాను. వాళ్ళు చూసేది జబ్బ మీద మచ్చేనని తీర్పు చెప్పాను. పలాస పిల్లలం మేమంతా బళ్ళో పందేలు వేసుకుని, చర్మాన్ని కాల్చే జీడి రసంతో చేతుల మీద మచ్చలు పెట్టుకున్నవాళ్ళమే. టీకా వేయించింది నిజమే కాబట్టి, పోయిన మచ్చను తిరిగి తెప్పించడం అబద్ధం కాదని కూడా వాదించాను. పచ్చి తొక్క గిల్లి, అగ్గిపుల్లతో ఒక చుక్క ఆమె భుజం మీద నేనే పెట్టాను.

‘సరీగా పెట్టు బావా, వంకరగా వత్తే నిన్నే తిడతాను,’ అంది పళ్ళు బిగించి.

చుక్క బొబ్బయింది, బొబ్బ పుండయింది. పనిలో జీడి చిందిందని అత్తకు చెప్పింది. చేరే రోజున మేమిద్దరమే బస్సులో టెక్కలి వెళ్ళాం. కిక్కిరిసిన జనంలో ఆ భుజానికి ఎవరూ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాను. నర్సింగ్ స్కూల్లో పెద్ద మేడమ్‌గారు ఆమె జాకెట్టు చెయ్యి పైకి తీసి చూశారు. కార్డు లేకపోతే ఇక్కడే టీకాలు వేసేవాళ్ళం కదమ్మా, అడిగేది అందుకే కదా అన్నారు. చీము కారే పుండుతో హాస్టల్లో చేర్చుకోలేమని, మానే వరకు సీటు ఆపే అధికారం తనకు లేదని, చాలా నెమ్మదిగా చెప్పారు. పుండుకు మందు రాయించి, ధనుర్వాతం సూది వేయించి పంపారు.

తిరుగు బస్సులో ఆమె కిటికీలోంచి జీడితోటలు చూస్తూ కూర్చుంది. నేను నోరు విప్పబోతే, ‘ఇంటికాడ నువ్వేటీ సెప్పకు. మీ నాన్న నిన్ను సదువు మానిపించేత్తాడు,’ అంది. గుమ్మంలో అత్త ఏమైందని అడిగింది. నేను చెప్పులు విప్పుతుండగానే మరదలు అనేసింది: ‘సూదంటే బయమేసింది అమ్మా. వచ్చేసినాను.’

అత్త ఆ రోజు అన్నం తినలేదు. నేను తిన్నాను. కొన్నాళ్ళకు మరదలు కూడా పిక్కలు కొట్టే పనికి వెళ్ళింది, ఆ తర్వాత జలంత్రకోట సంబంధం కుదిరి వెళ్ళిపోయింది. సూదికి భయపడి నర్సు ఉద్యోగం వదులుకున్న పిల్ల కథ మాత్రం మా పెళ్ళిళ్ళలో వడ్డనతో పాటు నడుస్తూనే ఉంది.

అందుకే రాస్తున్నాను. ఆమె సూదికి భయపడలేదు. టెక్కలిలో ఆ రోజు సూది దిగుతుంటే రెప్పయినా వెయ్యలేదు. ముఖం పక్కకు తిప్పుకున్నది నేను.

ఈ మధ్య కవిటిలో ఒక పెళ్ళిలో మళ్ళీ అదే కథ మొదలైంది. అసలు సంగతి చెబుదామని లేచాను. ఆమె నా పక్కకు వచ్చి, ‘ఊరుకో బావా. ఇన్నేళ్ళూ నవ్వినోళ్ళని ఇప్పుడు ఏడిపిత్తావేటి,’ అని పప్పన్నం వడ్డించింది. వంగినప్పుడు పైట జారి భుజం కనిపించింది. ఇన్నేళ్ళలో కాలం ఆ పుండును సాపు చేసి, గుండ్రంగా, అచ్చం టీకా మచ్చలాగే దిద్దింది. ఇప్పుడు ఎవరికి చూపించినా నమ్ముతారు, కానీ చూపించమని అడిగేవాళ్ళే లేరు.