మరదలి సాయంత్రపు అంకెలు

మా తమ్ముడు సరుకు ఓడలో వంటవాడు. రష్యాలో ఏదో రేవులో ఓడ మరమ్మతుకి ఆగిపోతే, ఊరికే ఉండక అక్కడొక అమ్మాయిని ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. ఆమెను బందరు తీసుకొచ్చి, కొన్నాళ్ళు అందరం కలిసి ఉన్నాక, మళ్ళీ ఓడెక్కేశాడు. వెళ్ళేరోజు బస్టాండులో నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నేనొచ్చేదాకా తను నీ పూచీ. వచ్చేసరికి తను ఇక్కడే ఉండాలి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళలో నవ్వు లేదు. ఆమె పాస్‌పోర్టు కూడా నాకే ఇచ్చాడు, మా ఇంట్లో తాళం పడే బీరువా నాదొక్కటే కనక.

నేను కోర్టు దగ్గర ఒక ప్లీడరు గారి ఆఫీసులో టైపు చేస్తాను. పొద్దస్తమానం అన్నని తమ్ముడు ఎలా ముంచాడో, అత్తని కోడలు ఎలా ముంచిందో టైపు కొట్టే మనిషి ఒకర్ని నమ్మాలంటే అంత తేలికా? పాలవాణ్ణే నమ్మను నేను. అలాంటిది భాష తెలియని, ఊరు తెలియని పిల్ల వచ్చి మా వంటింట్లో చిరునవ్వుతో తిరుగుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. మొగుడు లేని ఇంట్లో, ఈ ఉక్కపోతలో, ఈ దోమల్లో దేనికోసం ఉంటుంది? ఏదో ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది, తమ్ముడొచ్చి నా మొహం చూస్తాడు. ఇదే నా భయం.

అమ్మ మాత్రం ఇట్టే బుట్టలో పడిపోయింది. మార్కెట్లో ఎండు చేపలమ్మి ఇంటికొచ్చేసరికి కోడలు మంచినీళ్ళ గ్లాసుతో ఎదురొస్తుంటే పడిపోదూ మరి! రెండో వారంలోనే సాయంత్రం బియ్యం కొలిచే పని ఆమెకప్పజెప్పింది. ఆ పిల్ల మొదటి గ్లాసు పోస్తూ "ఒకటి" అంది, నేర్చుకున్న తెలుగు చూపిద్దామని.

"ఒకటి అనకూడదే పిల్లా. మొదటిది లాభం. లాభం, రెండు, మూడు... అట్టా కొలవాల. నువ్వను" అంది అమ్మ.

"లాబం, రెండు, మూడు" అంది ఆమె, బుద్ధిగా. ఎందుకలా అని అడగలేదు. ఎందుకని అడగని మనుషులంటే నాకు మరీ అనుమానం.

అన్నం పొయ్యి మీదికెక్కగానే ఫోను తీసుకుని డాబా మెట్ల మీద కూర్చునేది. వాళ్ళమ్మతో. అదీ మా ఇంట్లో వాళ్ళకి అర్థం కాదన్న ధీమాతో, గొంతు తగ్గించకుండా. నేను బట్టలు తీసే వంకతో పైకి వెళ్ళి చెవులు రిక్కించేదాన్ని. ఏమీ అర్థమయ్యేది కాదు. కానీ ప్రతిరోజూ అటు నుంచి ఏదో వినబడ్డాక ఈమె దాన్నే ఒకసారి నిదానంగా తిరిగి చెప్పేది. అందులో "స్తో" అన్న మాట తప్పకుండా ఉండేది. ఫోనులో వెతికితే స్తో అంటే వంద అని తేలింది. అంటే అంకెలు! ఆడపిల్ల రోజూ తల్లికి ఫోను చేసి అంకెలు చెప్పుకుంటుందా ఎక్కడైనా?

ఆ మర్నాడే రష్యన్ అంకెలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం క్యారేజీ ముందు పెట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోను దూర్చుకుని, "అదీన్, ద్వా, త్రీ, చితీరి, ప్యాత్..." అని గొణుక్కునేదాన్ని. మా ప్లీడరు గారు చూసి, "ఏమ్మా, కొత్తగా మంత్రోపదేశం తీసుకున్నావా?" అని ఏడిపించారు. పది దాకా బాగానే సాగింది. ఇరవై ద్వాత్సత్, ముప్ఫై త్రీత్సత్, ఆహా ఇంతేనా అనుకుంటూ నలభైకొచ్చాను గదా, సోరక్ అంది ఫోను. అంతవరకూ వరసలో వచ్చినవాటికీ దానికీ సంబంధం లేదు. ఎక్కణ్ణించి ఊడిపడింది ఇది? ఈ భాషను కూడా నమ్మడానికి లేదని ఒళ్ళు మండింది. అయినా పట్టు వదల్లేదు. బజార్లో కూరగాయలు బేరమాడుతూ, రోడ్డు మీద ఆటోల నంబర్లు చూస్తూ లోపల్లోపల రష్యన్‌లోకి మార్చుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, సరదాగానే ఉండేది.

కొన్నాళ్ళకి మెట్ల మీది మాటలు విడివిడిగా వినబడ్డాయి. రోజూ రెండంకెలు, మధ్యలో చిన్న "న". నూట అరవై న వంద. తర్వాతి వారం నూట డెబ్భై న వంద. ఆ తర్వాత నూట ఎనభై.

మా అమ్మ పుట్టిల్లు కోడూరు అవతల సముద్రం ఒడ్డున. పడవలు రాగానే చేపల గుట్ట చుట్టూ మూగి జనం వేలంపాట పాడటం చూస్తూ పెరిగినదాన్ని నేను. అమ్మేవాడు పెద్దంకె చెబుతాడు, కొనేవాడు చిన్నంకె చెబుతాడు. ఇది పాట కాక మరేమిటి? పైగా పాట పెరుగుతోంది! ఈ పిల్ల ఇక్కణ్ణించి తల్లితో కలిసి దేనికో బేరమాడుతోంది. తిరుగు టికెట్టుకే అయ్యుంటుంది, ఇంకేముంది? ఆ రోజు నుంచి బీరువా తాళంచెవి జాకెట్టులోపల పిన్నీసుకి తగిలించుకుని తిరిగాను.

అమ్మకి బీపీ ఉంది. గుడివాడలో ఉన్న డాక్టరు గారి మీద తప్ప మరొకరి మీద గురి లేదు. ఆ నెల వెళ్ళేటప్పుడు కోడలూ రావాలని పట్టుబట్టింది. ముగ్గురం బస్సెక్కాం. డాక్టరు గారు అమ్మ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, మొహం చిట్లించారు.

"నూట యాభై బై తొంభై ఉందండీ. ఉప్పు చేపలు మానమన్నానా లేదా?"

"అమ్ముకునేదాన్ని తినకుండా ఎట్టా ఉంటానండీ" అంది అమ్మ.

నా పక్కన నిలబడ్డ మరదలు ఆ మిషను వైపే చూస్తూ, తనలో తాను అంది: "స్తో పిద్దిస్యాత్ న దివినోస్త."

నూట యాభై న తొంభై. అది పాట కాదు, వాళ్ళమ్మ బీపీ.

బస్టాండులో అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టి, ఆమెను పక్కకి లాగాను. "మామా... స్కోల్క?" అన్నాను. మీ అమ్మకి ఎంత, అని నాకొచ్చిన రష్యన్‌లో. ఆమె నిర్ఘాంతపోయింది.

"నిన్న... ద్వేస్తి న స్తో ద్వాత్సత్."

రెండు వందల మీద నూట ఇరవై.

"ఏం పిల్లవే నువ్వు! ఇంట్లో ఇద్దరం ఉన్నాం, ఒక్క ముక్క చెప్పవేం? అక్కడ మీ అమ్మనెవరు చూస్తున్నారు?" అని అరిచాను. చుట్టుపక్కల జనం తిరిగి చూశారు.

"ఎవరూ లేరు. చెప్తే నేను వెళ్ళాలి. వెళ్తే ఇంక రాదు అనుకుంటావు వదినా" అంది. నా జాకెట్టు మీద పిన్నీసు ఉన్నచోట వేలితో మెల్లగా తాకింది. "ఇక్కడ తాళం. నాకు తెలుసు."

సిగ్గుతో చచ్చాను.

తమ్ముడి ఓడ నడిసముద్రంలో ఉంది, ఫోను అందదు. "పంపించెయ్యవే" అంది అమ్మ ఇంటికి రాగానే.

"తిరిగి రాకపోతే వాడికి నేనేం చెప్పను?"

"వస్తుంది."

"నీకెట్టా తెలుసు?"

"నాకేం తెలుసు! తల్లి మంచంలో ఉంటే ఆపుతామా ఏంటి?"

బీరువా తీసి పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టాను. విమానం ఎక్కేదాకా కూడా నాలో ఒక మూల అనుమానం గింజుకుంటూనే ఉంది, అబద్ధమెందుకు. ఓడ రేవు చేరాక తమ్ముడు ఫోను చేశాడు. "పంపేశావా?" అని ఫోను పెట్టేశాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆమె రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసేది. నేను కొత్తగా కొన్న మిషనుతో చూసి అమ్మ బీపీ రష్యన్‌లో చెప్పేదాన్ని, ఆమె వాళ్ళమ్మది తెలుగులో చెప్పేది. అంకెలు దిగుతున్నాయి. ఎప్పుడొస్తావని మాత్రం నేను అడగలేదు, తనూ చెప్పలేదు. ఒకరోజు ఇక తాడో పేడో తేల్చుకోవాలని, అడగాల్సిన మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను. ఆమె ఫోనుని గోడకానించి, "ఒక్క నిమిషం వదినా" అని, తల్లి మంచం పక్కన కూర్చుని చిన్న సీసా వంచి గ్లాసు నీళ్ళలో మందు చుక్కలు వేయడం మొదలుపెట్టింది. ఒక్కో చుక్కా పడుతుంటే పైకే లెక్కపెడుతోంది.

"లాబం, ద్వా, త్రీ, చితీరి..."

తల్లి కళ్ళు తెరిచి, ఆ మొదటి మాటేమిటన్నట్టు కూతురి వైపు చూసింది. కూతురు గమనించనే లేదు, చుక్కల మీదే ధ్యాస. నా వెనకాల నిలబడ్డ అమ్మ నా భుజం గట్టిగా నొక్కింది.

నోట్లో పెట్టుకున్న ప్రశ్నని మింగేశాను. "తొందరేం లేదే పిల్లా, నిదానంగా లెక్కపెట్టు, ఇక్కడే ఉంటాం" అన్నాను.