కళ్ళకద్దుకున్న తూటా

ఇవాళ పొద్దున పక్కింటివాళ్ళు లాన్‌లో గడ్డి కోయిస్తుంటే ఆ రొద భరించలేక, చెవుల్లో పెట్టుకోవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని గరాజ్‌లో అట్టపెట్టెలు వెతుకుతుంటే, అడుగున నా పాత ఇయర్‌మఫ్స్ బయటపడ్డాయి. నేను పిస్తోలు పేల్చడం నేర్చుకున్న రోజుల్లోవి అవి. నవ్వకండి, బొద్దింకను చూస్తే మంచమెక్కే నేనే, అమెరికాలో ఇదే కమ్మింగ్ ఊళ్ళో, ఏడాది పైగా ప్రతి బుధవారం షూటింగ్ రేంజ్‌కి వెళ్ళాను.

గ్రీన్‌కార్డ్ వచ్చి, ఇల్లు కొనుక్కున్న కొత్త. మావారు ఉద్యోగం పని మీద సోమవారం విమానమెక్కితే గురువారం సాయంత్రానికి గానీ రారు. పిల్లలింకా లేరు, నాకు ఉద్యోగం దొరకలేదు. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకి ఎలా తెలిసిందో ఏమో, రెండు వీధుల అవతల ఒక తెలుగువాళ్ళ ఇంట్లో పడి అంతా ఊడ్చుకుపోయారు. అప్పట్నుంచి ఫ్రిజ్ గుర్రుమన్నా నాకు గుండె ఝల్లుమనేది. ఫోన్‌లో నా ఏడుపు వినలేక మావారు, "అంత భయమైతే రేంజ్‌లో క్లాస్ బుక్ చేస్తా, వెళ్ళి నేర్చుకోరాదూ" అన్నారు. విసుగుతో అన్నారో ప్రేమతో అన్నారో గానీ, బుక్ చేసేశారు.

నేర్పే ఆయనకి మా నాన్నగారి ఈడుంటుంది. మొదటి రెండు వారాలూ ఖాళీ పిస్తోలే చేతికిచ్చారు. చేతికిచ్చారంటే తప్పు, బల్ల మీద పెట్టి తీసుకోమన్నారు. మనిళ్ళలో ఉప్పు చేతికివ్వకుండా కింద పెట్టినట్టు. అందుకే అది నాకు వింతగా తోచలేదు. ఖాళీదైనా నిండుదనే అనుకోవాలి, పిస్తోలు గొట్టం ఎప్పుడూ ఎదుటి గురివైపే ఉండాలి, పేల్చాలని తేల్చుకునేదాకా వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోకూడదు. ఇవన్నీ చెప్పి, ఇంట్లోకి ఎవరైనా వస్తే ముందు గదిలో గడియ పెట్టుకుని పోలీసులకి ఫోన్ చేయడమే అసలు విద్య అనేవారు. పాఠమయ్యాక పేలి రాలిన తూటాల గుల్లలు ఊడుస్తూ, ఈ వారం నిద్ర పట్టిందా అని అడిగేవారు. చీపురు నేనే లాక్కునేదాన్ని, పెద్దాయన ఊడుస్తుంటే చూస్తూ నిలబడలేక.

ఒక బుధవారం బల్ల మీంచి తూటా ఒకటి జారి దొర్లి నా కాలికి తగిలింది. ఇంకేముంది, చిన్నప్పట్నుంచి పుస్తకం తగిలినా పళ్ళెం తగిలినా చేసే పనే చేశాను. కుడిచేతిలో నిండు పిస్తోలు అలాగే పట్టుకుని, వంగి, ఎడమచేత్తో తూటా తీసి కళ్ళకద్దుకున్నాను. ఆ వంగడంలో గొట్టం పక్కనున్న మనిషి వైపు తిరిగింది. నేర్పే ఆయన పెట్టిన కేకకి రేంజ్ అంతా కాల్పులు ఆగిపోయాయి.

నా చేత పిస్తోలు బల్ల మీద పెట్టించి, ఖాళీ చేయించి, బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇక రావద్దంటారని నాకు తెలిసిపోయింది. వెక్కివెక్కి ఏడ్చాను. దొంగల భయంతో కాదండీ. సోమవారం నుంచి గురువారం దాకా ఆ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఆయనొక్కడే. ఆ సంగతి ఆయనకీ చెప్పలేదు, మావారికీ చెప్పలేదు. ఆ దణ్ణం ఎందుకో మాత్రం వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకున్నాను.  ఆయన, దణ్ణం పెట్టుకోవద్దనను, ముందు పిస్తోలు బల్ల మీద పెట్టు, కింద పడ్డది మాత్రం కాల్పులు ఆగేదాకా ముట్టుకోకు అన్నారు. మళ్ళీ రెండు వారాలు ఖాళీ పిస్తోలే. నాకు మాత్రం పండగలా అనిపించింది.

ఆ తర్వాత మావారికి ఇక్కడే ఉద్యోగం దొరికింది, అమ్మాయి పుట్టింది, రేంజ్‌కి వెళ్ళడం మానేశాను. వెళ్ళొస్తానని ఆయనకి ఒక్క మాటైనా చెప్పలేదు, ఎంత బుద్ధిలేనిదాన్నో. ఇప్పుడక్కడ టైర్ల షాపుంది. మావారు పోయి రెండేళ్ళయింది. ఒంటరిదానివి, ఇంట్లో అదెందుకమ్మా అని సన్నీవేల్ నుంచి వచ్చిన మా అమ్మాయి, ఆ రోజుల్లో కొనుక్కున్న పిస్తోలు అమ్మేయించింది.

పొద్దున ఆ మఫ్స్ పెట్టుకుని వంటిల్లు సర్దుకున్నాను. తీసేసరికి లాన్ మెషీన్ ఎప్పుడో ఆగిపోయింది. ఈలోగా ఎవరైనా బెల్ కొట్టారేమో, నాకు వినబడలేదేమో అనిపించి గబగబా వెళ్ళి తలుపు తీశాను. ఎవరూ లేరు. ఆ రోజుల్లో ఇదే తలుపుకి పగటిపూట కూడా మూడు గడియలు వేసుకుని, ఎవరూ రాకూడదని వెయ్యి దేవుళ్ళకి మొక్కుకునేదాన్ని. ఇవాళ చాలాసేపు దాన్ని తీసే ఉంచాను.