కవిగారి శాలువా నా మెడల పడ్డది

మొన్న బూర్గంపాడుల నా ఇజ్జత్ నేనే తీసుకున్న. ఎవ్వలకు చెప్పొద్దు మరి! ముందు చాయ్ తాగుండ్రి.

మా ప్రభాకర్ ఎరికే గదా? నేనూ వాడూ ఒకే కాలేజీ, ఒకే ఆఫీసుల ఇంజినీర్లం. జూలూరుపాడు రోడ్డు పనప్పుడు నేను ఎండల టేపు పట్టుకుని చస్తుంటే, వాడు ఇప్పచెట్టు కింద కూసోని కొలతలు రాసే లెవెల్ బుక్కు వెనక పేజీలల్ల కవితలు రాసేటోడు. మూడేండ్ల కింద రిజైన్ చేసిండు. 'పిచ్చోడు, అడుక్కతింటడు' అన్న. ఏడ అడుక్కతిన్నడు? రెండు పుస్తకాలొచ్చినయ్! ఊరికో సన్మానం! మా ఇంటామె వాడి కవితలు పేపర్లకెల్లి కట్ చేసి బీరువాకు అంటిస్తది. నా ప్రమోషన్ ఆర్డరేమో బియ్యం డబ్బా కింద దొరికింది. కడుపు మండదా? మస్తు మండింది.

మొన్న ఆదివారం బూర్గంపాడు హైస్కూల్ల వాడికి సన్మానం. 'నువ్వు గూడ రారా' అన్నడు. నా స్కూటర్ మీదనే పోయినం. గేటు కాడ వాడు స్కూటర్ నీడకు పెట్టొస్తనని ఆగిండు. నేను ముందు నడిచిన. నాదేమో ఇస్త్రీ అంగీ, జేబుల రెండు పెన్నులు. వాడివి రబ్బరు చెప్పులాయె. వాడి మొఖం ఆడ ఎవ్వలూ చూసినోళ్లు లేరు.

'కవిగారొచ్చిండ్రు!' అని హెడ్మాస్టర్ ఉరికొచ్చి నా మెడల దండేసిండు.

'నేను కాదండీ' అనాలె. నోటిదాకా వచ్చింది గూడ. గంతల శాలువా పడ్డది. పట్టు శాలువా! ఎన్నేండ్ల ఏడుపో అది... నోరు మూసుకున్న.

ప్రభాకర్ లోపటికొచ్చి చూసిండు. గమ్మున పోయి వెనక బెంచీల కూసున్నడు. నవ్వుతుండు!

'ఇప్పుడు కవిగారు కొత్త కవిత వినిపిస్తరు' అన్నడు హెడ్మాస్టర్. నాకు నోటికొచ్చింది ఒక్కటే, రోజూ మేస్త్రీలకు చెప్పే ముచ్చట. మైకు పట్టుకుని కండ్లు మూసుకున్న.

'ఒక తట్ట సిమెంటు... రెండు తట్టల ఇసుక... నాలుగు తట్టల కంకర... నీళ్లు ఎక్కువ పోసినవా, నిలవదు... తడుపుతనే ఉండాలె... ఇరవై ఒక్క రోజులు... తడుపుతనే ఉండాలె...'

కండ్లు తెరిస్తే అందరూ నన్నే చూస్తుండ్రు. అయిపోయిన అనుకున్న. అంతల వెనక బెంచీకెల్లి ప్రభాకర్ లేచి చప్పట్లు! ఇగ హాలంతా చప్పట్లే. హెడ్మాస్టర్ కండ్లు తుడ్సుకున్నడు. 'సంసారం గురించి గింత లోతుగ ఎవ్వలూ చెప్పలె సార్!'

వచ్చేటప్పుడు వాడు తిడతడనుకున్న. తిట్టలె. శాలువా ఇయ్యబోతే, 'ఉంచుకోరా, నా బీరువాల జాగ లేదు' అన్నడు. తిట్టినా బాగుండు!

ఆడికొచ్చిన విలేకరి అంతా రాసుకున్నడట. ఇయ్యాల పేపర్ల పడ్డది నా కాంక్రీటు! 'తడి' అని హెడ్డింగు. కింద పేరు? ప్రభాకర్‌ది. మరి కవిగారంటే వాడే గదా!

మా ఇంటామె కత్తెర తెచ్చి కూసున్నది. 'చూడుండ్రి, ఎంత మంచిగ రాసిండో మీ దోస్తు! మీరూ ఉన్నరు, పదిహేనేండ్ల సంది ఇంట్ల సిమెంటు, కంకర తప్ప వేరే ముచ్చటే లేదు! అంటియ్యాలె, ఆ గోందు సీసా ఇటియ్యుండ్రి.'

ఇచ్చిన. మూత గూడ నేనే తీసిచ్చిన.