రాఘవమ్మ పిన్ని చేను, రేపటి వేలిముద్ర

రాఘవమ్మ పిన్ని మిర్చి చేనుని ఆమె మరిది నరసయ్య కాజేస్తున్నాడు. పేరు పెట్టే రాస్తున్నా, గ్రంథాలయం గోడకే అంటిస్తున్నా. చింపేవాళ్లు చదివి చింపండి.

ఆ చేను పిన్నీ బాబాయీ కలిసి కూలికెళ్లి కొనుక్కున్నది. ఇద్దరి పేరునా ఉంది. పిల్లల్లేరు, అత్తామామలూ లేరు. పోయిన నెల బాబాయి పోతే నరసయ్య కొడుకు తలకొరివి పెట్టాడు. కొరివి పెట్టినవాడికే ఆస్తి అంటూ రేపు పొద్దున పిన్నిని నందిగామ రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్లి చేనంతా రాయించుకుంటారట.

ఇది వినగానే ఒళ్లు మండి మధ్యాహ్నం ఎండలోనే వెళ్లా.

"పిన్నీ, చట్టప్రకారం నీ సగం నీదే, బాబాయి సగమూ నీకే వస్తుంది. కొరివికీ ఆస్తికీ సంబంధం లేదు. వేలిముద్ర వెయ్యకు" అన్నా.

పిన్ని చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"నాకు తెలీకనా అబ్బాయ్! వెయ్యకపోతే వాళ్లు నా గడప తొక్కరు. ఇప్పుడైతే ఆ పిల్లాడు పెద్దమ్మా అంటూ వచ్చి నాతో ఇంత ముద్ద తిని పోతున్నాడు. నువ్వు ఊరంతా పంచే కరపత్రాలొచ్చి నా పక్కన కూర్చుని తింటాయా?"

పెద్దకర్మ భోజనాలయ్యాక మనలో ఒక్కరమైనా ఆ ఇంటికి వెళ్లామా? చెప్పండి.

అందుకే జెండాలొద్దు, నినాదాలొద్దు. ఈ సాయంత్రం ఏడింటికి ఎవరి అన్నం గిన్నె వాళ్లు పట్టుకుని పిన్ని అరుగు మీదికి రండి, కలిసి తిందాం. రేపు ఆమె వేలిముద్ర వేసొచ్చినా సరే, ఎల్లుండి కూడా ఏడింటికే.